ఫర్షీ వేయని పెరడు

మొన్న ఒక కుర్ర ఆర్కిటెక్టు మా ఇంటికి వచ్చాడు. బాన్సువాడ దవాఖానకు కొత్త భవనం చేర్చే పని అతనికి అప్పగించారట. అక్కడి పాత జచ్చఖానా, అంటే ప్రసవాల వార్డు, నా చేతి మీదుగా అయిందని ఎవరో చెప్పారట. మంచినీళ్లు తాగి, నా ఆరోగ్యాన్ని మర్యాదకు సరిపడా విచారించి, అసలు సంగతికి వచ్చాడు.

"వార్డు వెనక ఇంత పెరడు ఉత్తగ వదిలేసిన్రు సార్. చుట్టూ ఇంత ఎత్తు గోడ కూడ కట్టిన్రు. లోపల చెట్టు లేదు, బాయి లేదు. ఏమన్న కడ్దామనుకొని మర్చిపోయిన్రా?"

నా వయసులో మరచిపోయానంటే ఎవరైనా నమ్ముతారు, వాదించే శ్రమ తప్పుతుంది. కానీ ఆ కొలువులో నేను అన్నీ గుర్తుపెట్టుకుని చేసిన పని అదొక్కటే. అందుకని అతన్ని కూర్చోమన్నాను. అతనికి చెప్పిందే ఇక్కడ కొంచెం విడమరచి రాస్తున్నాను. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు సలహాగా కాదు. సలహాలు మాకూ ఇచ్చారు, మేం వినలేదు.

నక్షా ఒక్కటే

నేను బొంబాయిలో చదివాను. అక్కడ గ్రీకు స్తంభాలు గీయడం నేర్పారు. తరువాత నిజాం సర్కారు కొలువులో చేరి బాన్సువాడ వచ్చాక, గ్రీకు స్తంభం అవసరమున్న మనిషి నాకు ఒక్కడూ తగల్లేదు. ముప్పైల చివరి రోజులవి. నిజాంసాగర్ కాలువ పారి ఊరి చుట్టూ వరి, చెరుకు పచ్చగా ఉండేవి. మనుషులు కొంచెం కోలుకున్నారు. దోమలు బాగా కోలుకున్నాయి.

మా పై అధికారిని అందరం బడే సాబ్ అనేవాళ్లం. హైదరాబాదులో ఉండేవాడు. నిజాయితీపరుడు, శుభ్రత అంటే ప్రాణం. మట్టి అంటే మాత్రం పడేది కాదు. ఎక్కడ మట్టి నేల కనిపించినా ఫర్షీ వేయించేవాడు, అంటే షాబాద్ బండలు పరిపించేవాడు. తన ఇంటి ముంగిట మామిడి చెట్టు మొదలు దాకా బండలు పరిపించి, చెట్టు ఎండిపోతే తోటమాలిని మార్చాడని చెప్పుకునేవారు. నేను చూడలేదు. నమ్మడానికి మాత్రం ఇబ్బంది పడలేదు.

ఆయన దఫ్తర్‌లో దవాఖానకు ఒక్కటే నక్షా గీసి ఉండేది. ఏ తాలూకాకైనా అదే. రోడ్డు ఎటుంటే ముఖం అటు. ఎండ ఎటునుంచి వస్తుందన్నది ఎండ సొంత వ్యవహారం. బాన్సువాడలో రోడ్డు పడమట ఉంది కనుక జచ్చఖానా పడమటి ముఖంతో, రేకుల కప్పుతో తయారైంది. నేను వచ్చేసరికే కట్టి, జెండాలు కట్టి, లడ్డూలు పంచి ఉన్నారు. ఆ తరువాత ఒక్క ఆడది రాలేదు. అందులో మొదటి ప్రసవం చౌకీదారు మేకది. రెండు పిల్లలు. తల్లీ పిల్లలూ క్షేమం. సర్కారుకు రాసి పంపలేదు.

ఆ వార్డును చూసే లేడీ డాక్టరు మార్తమ్మ గారు. మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. చేతులు కట్టుకుని ఖాళీ మంచాల మధ్య నిలబడి ఉండగా నేను ఆమెను మొదటిసారి చూశాను.

"ఇంజనీర్ సాబ్, గీ రేకుల కింద నేనే ఉడుకుతున్న. నిండు చూలాలు ఎట్లుంటది?"

"రేకులు నావి కావమ్మా. నేను వచ్చేసరికే ఉన్నాయి."

"అయితే మంచిదే. పీకేటప్పుడు మీకు బాధుండది."

బాన్సువాడలో నన్ను ఆర్కిటెక్టు అని ఎవరూ అనలేదు. ఆ మాట ఊళ్లో ఎవరికీ తెలియదు. బడే సాబ్‌కు తెలుసు గానీ నచ్చదు.

ఆ ఎండాకాలం ఊళ్లు తనిఖీ చేస్తూ దౌరాకు వచ్చిన బడే సాబ్ ఖాళీ వార్డు చూశాడు. వానలు వెనకపట్టాక మళ్లీ వస్తానని, అప్పటికీ ఆడవాళ్లు రాకపోతే ఆ ఇమారతును దౌరా అధికారుల బంగళా చేసేస్తానని చెప్పాడు. మార్తమ్మ గారిని బోధన్ పంపిస్తాడట. అంతదాకా ఏదైనా మరమ్మతు అవసరమైతే చేయించమని నాకు హుకుం.

మరమ్మతు అనే మాటలో ఎంత జాగా ఉందో ఈ తరం వాళ్లకు తెలియాలి. నాలుగు గోడలు వదిలేసి మిగతాదంతా మార్చినా అది మరమ్మతే.

నా సొంత పని

ఇక్కడ ఒక సంగతి దాచితే మిగతాది అర్థం కాదు. నాకు ఆ వార్డుతో సర్కారు పని కాక సొంత పని కూడా ఉంది. నా భార్య కమల అప్పుడు నాలుగో నెల గర్భిణి.

కమలది బీర్కూర్. అక్కడి రైతు కుటుంబం. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరిగింది. మగపిల్లవాడు. దక్కలేదు. కమల కూడా చాలాకాలం జ్వరంలో ఉండి, ఉంటుందో ఉండదో అనిపించి, ఉంది. ఆ పిల్లవాడి గురించి తరువాత మేమిద్దరం మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకుండా ఉండడంలో ఇద్దరికీ మంచి నేర్పు వచ్చింది.

ఈసారి కాన్పు వార్డులోనే కావాలని మార్తమ్మ గారు ఖండితంగా చెప్పారు. "బీర్కూర్ల నొప్పులు మొదలై, కబురొచ్చి, నేను కచ్చరానికి ఎడ్లు కట్టించుకొని వచ్చేసరికి ఏమైతదో మీకు తెలుసు. నేను చెప్పేదేముంది."

నాకు తెలుసు. కమలకు తెలుసు. తెలియాల్సింది మా అత్తమ్మకు. ఆవిడ పేరు రాజవ్వ. ఆవిడ అవునంటేనే కమల వార్డు గడప తొక్కుతుంది. మా ఇళ్లలో కాన్పు విషయం మగవాడి చేతిలో ఉండదు. ఉండకపోవడమే మంచిదని నేను ఇప్పటికీ అంటాను. కానీ ఆ నెలల్లో ఆ మాట అనడానికి నాకు ధైర్యం లేదు.

గాలి గురించి

అత్తమ్మ వచ్చేలోపు నా చదువు ఉపయోగించాను. రేకులు పీకించి గూనపెంకులు వేయించాను. పడమటి ముఖానికి వసారాలాగా సాయబాన్ దించాను. కిటికీలు పెద్దవి చేశాను. మంచం మీద పడుకుంటే వరి పొలాలు కనిపించేటంత కిందికి దించాను. గాలి ఈ గోడ నుంచి ఆ గోడకు నేరుగా పోతుంది. బొంబాయిలో మాకు గాలి దేవుడితో సమానం.

ఆ రోజుల్లోనే ఊళ్లో ఒక సేఠ్ తన బీడీ కార్ఖానాకు కిటికీలు పెట్టించుకున్నాడు. బీడీలు చుట్టే ఆడవాళ్లు ఆ కిటికీలకు గోనెసంచులు కట్టేశారు. ఎందుకమ్మా అంటే, గాలికి తునికాకు ఎండి చిట్లుతుందట, తంబాకు కళ్లలో పడుతుందట. వాళ్లకు కావలసింది వెలుతురు. సేఠ్ ఇచ్చింది గాలి. పాపం, దయతోనే ఇచ్చాడు. నేను నవ్వుకుని వచ్చేశాను. నా వార్డు వేరే సంగతి కదా అనుకున్నాను.

తరువాత వారం అత్తమ్మ బీర్కూర్ నుంచి కచ్చరం దిగింది. బర్రెను బేరం చేసేవాళ్లు పళ్లు చూసినట్టు వార్డును చూసింది. కమల గుమ్మం దగ్గర, మార్తమ్మ గారు మందుల బల్ల దగ్గర, నేను ఎటు పోవాలో తెలియక మధ్యలో.

"గీ మంచం గింత ఎత్తేంది అల్లుడా? పడితే నడుం ఇరుగది?"

"కాళ్లు కోయిస్తాను అత్తమ్మా."

"కిటికీలు గిట్ల బార్ల తెరిచినవు. బాలెంతకు గాలి తాకితే ఎట్ల? పాలిచ్చేటప్పుడు తొవ్వెంట పోయేటోళ్లు సూస్తె ఎట్ల?"

బీడీ కార్ఖానాలో నవ్విన నవ్వు నాకు ఆ క్షణంలో తిరిగి వచ్చింది. గాలి పైనుంచి, చూరు కింద జాలీలోంచి పోయేట్టు చేస్తాననీ, కింద చెక్క తలుపులు బిగిస్తాననీ చెప్పాను. అప్పటికి అది నా ఆలోచన కాదు, ప్రాణభయం. తరువాత ఆలోచించి చూస్తే అదే సరైనదని తేలింది.

"ఉడుకు నీళ్లు ఏడ కాగవెడ్తరు?"

"వెనక పొయ్యి కట్టిస్తాను."

"మరి నేనేడ పండాలె?"

ఆ ప్రశ్నకు జవాబు నక్షాలో లేదు. నక్షాలో రోగి ఒక్కతే ఉంటుంది. మన ఊళ్లలో రోగి ఎన్నడూ ఒక్కతే ఉండదు. తల్లి ఉంటుంది, అత్త ఉంటుంది, వాళ్లిద్దరి మధ్య తగువు ఉంటుంది. వీటన్నిటికీ చోటు కావాలి. వెనక ఇంకో సాయబాన్ అయితే బాగుంటుంది గానీ మంజూరు లేదని గొణిగాను.

అత్తమ్మ ఇక ఒప్పుకుంటుందనే అనుకున్నాను. ఆవిడ మంచం మీద కూర్చుని చూసింది. గోడ తట్టి చూసింది. తరువాత మార్తమ్మ గారి వైపు తిరిగి మామూలుగా అడిగింది.

"మరి మాయ ఏడ వెడ్తరు?"

మాయ అంటే బిడ్డ వెంట వచ్చేది. కడుపులో బిడ్డను పట్టుకుని ఉండేది.

"దవాఖాన బయట గుంత ఉన్నదవ్వా. దాంట్ల ఏసి, చమురు పోసి కాలవెడ్తరు."

అత్తమ్మ అరుస్తున్నంత సేపు భయం లేదు. గొంతు తగ్గిస్తేనే ప్రమాదం. ఇప్పుడు గొంతు తగ్గింది.

"కాలవెడ్తరా? తొమ్మిది నెలలు బిడ్డకు తోడున్నదాన్ని చెత్త లెక్క కాలవెడ్తరా డాక్టరమ్మా?"

"అవ్వా, అది ఊరికె పడేస్తె కుక్కలు గుంజుకపోతయి. రోగాలొస్తయి."

"పడేస్తరా ఎవలన్న? మన్నుల వెడ్తం. మీద బండేసి, తల్లిని పిల్లను గా బండ మీదనే తానం పోపిస్తం. గా జాగ మనిషిని గుంజుతది. ఏ దేశం పోయినా గుంజుకస్తది. కాలవెడ్తె ఏం గుంజుతది? పొగనా?"

లేచింది. కొంగు దోపుకుంది. "నడువు బిడ్డా, పోదాం."

కమల కదలలేదు. గుమ్మానికి ఆనుకుని, నేలను చూస్తూ అంది.

"అవ్వా, ముందటోనిది నీ ఇంట్లనే మన్నుల వెట్టినం గద. వాణ్ణి గుంజుకచ్చిందా?"

ఆ పిల్లవాడి మాట మా ఇంట్లో ఎవరైనా ఎత్తడం అదే మొదలు. మార్తమ్మ గారు మందుల సీసాలు సర్దడం మొదలుపెట్టారు. అవి సర్దే ఉన్నాయి.

అత్తమ్మ కూతురి వైపు తిరిగింది.

"నన్ను గుంజుతున్నది బిడ్డా," అంది. "పొద్దుగాల లేస్తె ముందు గాడికే పోత. నిలవడి వస్త."

నాకు అప్పటిదాకా తెలియదు. కమలకూ తెలియదని ఆమె ముఖం చూస్తే తెలిసింది.

నేను ఏదో ఒకటి మాట్లాడాలి కనుక, నాకు చేతనైన భాషలో మాట్లాడాను. "డాక్టరమ్మా, వార్డు వెనక గోడ కట్టి జాగా వదిలితే? లోతుగా తవ్వి, సున్నం చల్లి పూడిస్తే?"

మార్తమ్మ గారు సీసాలు వదిలారు. "బాయికి దూరముండాలె. నేను చెప్పినంత లోతు తవ్వాలె. అండ్లకు కుక్క రావద్దు."

"గోడ పైనుంచి మొగోళ్లు తొంగి సూడొద్దు," అంది అత్తమ్మ.

"వార్డు లోపలినుంచే తలుపుండాలె. బాలెంత తొవ్వెక్కి చుట్టు తిరిగి పోవద్దు," అన్నారు మార్తమ్మ గారు.

"బండలు వరువొద్దు. మన్నే ఉండాలె."

"మంచం మీద పండుకుంటె కనవడాలె," అంది కమల.

ముగ్గురూ నన్ను చూశారు. తరువాత నేను నవాబులకు, మిల్లు యజమానులకు ఇళ్లు గీశాను. తమకేం కావాలో అంత స్పష్టంగా చెప్పగలిగిన యజమానులు మళ్లీ దొరకలేదు.

తోట

పెరడు కట్టించడం కష్టం కాదు. దానికి పేరు పెట్టడం కష్టం. నక్షాలో ప్రతి గడికీ పేరు ఉండాలని బడే సాబ్ నియమం. నేను 'తోట' అని రాశాను. కాలువ తవ్వినచోటి నుంచి ఒండ్రుమట్టి తెప్పించి నింపాను. నల్లగా, మెత్తగా, చేతిలోకి తీసుకుంటే ఏదైనా నాటాలనిపించేట్టు ఉండేది.

వానలు ముమ్మరంగా ఉన్న రోజున కమలకు నొప్పులు వచ్చాయి. నేను ముందు సాయబాన్‌లో ఉన్నాను. నేను గీసిన గోడకు అవతల ఏం జరుగుతున్నదో తెలియకుండా కూర్చోవడం అదే మొదటిసారి. గోడ బాగా కట్టానని తెలిసింది. ఒక్క చప్పుడు బయటికి రాలేదు. ఆ రోజు దాన్ని కూలగొట్టాలనిపించింది.

చివరికి అత్తమ్మ తలుపు తీసింది.

"ఆడివిల్ల. ముక్కు నీదే వచ్చింది. ఇగ ఏం జేస్తం."

"కమల?"

"నీ మీద కోపంగున్నది. అంటే మంచిగున్నట్టే."

ఆవిడ పలుగు, పార తీసుకుని వార్డు లోపలినుంచి పెరట్లోకి పోయింది. నేను వెంట వెళ్లబోయాను. "మొగోళ్లు రావద్దని చెప్పలె?" అని తలుపు వేసింది. నేను గీసిన తలుపు, నేను పెట్టించిన గడియ. కమల మాత్రం మంచం మీద పడుకుని, తెరిచిన లోపలి తలుపులోంచి వాళ్లమ్మ తవ్వుతుంటే అంతా చూసింది.

ఆ తరువాత ప్రచారం అత్తమ్మ నోరు చూసుకుంది. బీర్కూర్ అంగట్లో ఒకసారి చెబితే చాలు, బిచ్కుంద దాకా పోయేది. బండ్లు రావడం మొదలైంది. పొలం కూలీల ఇళ్లనుంచి వచ్చారు. బీడీలు చుట్టే వాళ్లొచ్చారు. బిచ్కుంద అవతలినుంచి మరాఠీ మాట్లాడే ఒకామె వచ్చి, మార్తమ్మ గారికి ఒక్క ముక్క అర్థం కాకుండా కని వెళ్లింది. ప్రతి ఇంటి ముసలమ్మా పార పట్టుకుని పెరట్లోకి పోయేది. పక్కవాళ్లది కదిలించకుండా ఎట్లా తవ్వాలో వాళ్లలో వాళ్లే చూసుకునేవారు. లోతు మాత్రం మార్తమ్మ గారు దగ్గర నిలబడి చూసేవారు.

వానలు వెనకపట్టాక బడే సాబ్ చెప్పినట్టే వచ్చాడు. వార్డు నిండా మనుషులు. సంతోషపడ్డాడు. పెంకులు చూసి మరమ్మతు అంటే ఇదేనా అన్నాడు, అవునన్నాను. తరువాత వెనక తలుపు తీశాడు.

"క్యా హై యే?"

"తోట, సాబ్."

"చెట్లేవి?"

నేను గొంతు సవరించుకుంటున్నాను. మా అత్తమ్మ అప్పుడు అక్కడే ఉంది. ఆవిడ తమ్ముడి కోడలు ఆ వారమే కన్నది. పొయ్యి దగ్గరినుంచి లేవకుండానే చెప్పింది.

"ఇత్తనం ఏసినం సాబ్. మొలవాలంటె దినాలు వట్టది?"

బడే సాబ్ ఆ నల్లమట్టిని చూశాడు. తన బూట్లను చూసుకున్నాడు. "గలీజ్," అన్నాడు. మొత్తం ఫర్షీ వేయించమని హుకుం రాసి వెళ్లిపోయాడు.

కొన్ని రోజులకు బండ్ల మీద షాబాద్ బండలు దిగాయి. అత్తమ్మ వచ్చి, పెరటి తలుపుకు అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. వక్క కొరుకుతూ కూర్చుంది. మార్తమ్మ గారు నా ముఖంలోకి చూడడం మానేశారు. ఇంట్లో కమల పిల్లను ఒళ్లో వేసుకుని ఒకే మాట అడిగింది. "మీరేం జేస్తరు?"

నేను హుకుం మళ్లీ చదివాను. ఫర్షీ వేయమని ఉంది. జచ్చఖానాకు వేయమని ఉంది. ఏ జాగాలో అన్నది రాయలేదు. కంటి ముందు చూపించి చెప్పాక రాయనక్కర్లేదని బడే సాబ్ అనుకుని ఉంటాడు. మేస్త్రీని పిలిచి వార్డు వెనక, పెరటి గోడ బయట, ఆ బండలు పరిపించాను. మిగిలిన పెంకులతో కప్పు వేయించాను. తోడు వచ్చిన ఆడవాళ్లు వండుకోవడానికి, పడుకోవడానికి సాయబాన్ అయింది. మంజూరు కాదనుకున్నది బండ్ల మీద దానంతట అదే వచ్చింది.

అత్తమ్మ లేచి బండల మీద నడిచి చూసింది. "సల్లగున్నయి," అంది. పీట తీసుకుని ఊరికి పోయింది.

మరుసటి దౌరాకు బడే సాబ్ వచ్చేసరికి నేను బదిలీ కాయితం కోసం సిద్ధపడే ఉన్నాను. ఆయన సాయబాన్ చూశాడు, అందులో పడుకున్న ముసలివాళ్లను చూశాడు. పెరటి తలుపు తీశాడు. లోపల ఎవరో బాలింతకు తలంటు పోస్తున్నట్టున్నారు, వెంటనే వేసేశాడు. తలుపు వైపే తిరిగి నిలబడ్డాడు. తరువాత ఉర్దూలో, నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"బీదర్‌లో మా దాదీ ఇంట్లో దానిమ్మ చెట్టు ఉండేది. నాది దాని కింద ఉందని చెప్పేది. ఆ ఇల్లు అమ్మేశాం."

ఆయన సాయబాన్ బండల వైపు తిరిగాడు.

"ఫర్షీ చాలలేదా ఇక్కడికి?"

"చాలలేదు సాబ్."

"ఇంక పంపను," అన్నాడు.

పై అధికారుల గురించి మా వాళ్లు చాలా చెడుగా మాట్లాడతారు. నేనూ మాట్లాడాను, ఈ రాతలోనే మాట్లాడాను. కానీ ఆయన ఆ తలుపు మూసిన తీరు గుర్తుకు వస్తే, ఎవరి గురించైనా కొంచెం ఆగి మాట్లాడాలనిపిస్తుంది.

గుంజడం

నలభైల చివర, రాజ్యం మారాక, నన్ను హైదరాబాదుకు మార్చారు. మాకు సర్కారీ క్వార్టరు ఇచ్చారు. మంచి ఇల్లు. వెనక జాగా మొత్తం ఫర్షీ. కమల వెళ్లిన మొదటి రోజే ఒక బండను పలుగుతో లేపి, కింద మన్ను ఉందో లేదో చూసి, మళ్లీ పెట్టేసింది. ఎందుకని నేను అడగలేదు. మా నేర్పు మాకు ఉంది కదా.

పిల్ల పేరు మంజీర. అది పుట్టిన ఏడు మంజీర నిండా పారింది కనుక ఆ పేరు. ఇప్పుడు వరంగల్లో పిల్లలకు లెక్కలు చెబుతుంది. బాన్సువాడ దాన్ని గుంజినట్టు నాకెన్నడూ కనబడలేదు. "అక్కడేముంది నాన్నా?" అంటుంది. నిజమే. దానికి అక్కడేముంది? గుంజింది మమ్మల్ని. అత్తమ్మ లెక్క తప్పిందో, లేక ఆవిడ లెక్కే అదో.

కమల మాత్రం ప్రతి ఏడూ వానలు మొదలవగానే అడిగేది. "ఒక్కసారి బాన్సువాడ పోదాం." పోయేవాళ్లం. బస్సు దిగి, టీ కూడా తాగకుండా దవాఖానకు నడిచేది. మార్తమ్మ గారు ఉన్నన్నాళ్లు ఆమెతో రెండు మాటలు. ఆమె పోయాక, ఎవరున్నా లేకున్నా నేరుగా వెనక తలుపు తీసుకుని పెరట్లోకి పోయేది. నేను గడప ఇవతలే ఆగేవాణ్ణి. అత్తమ్మ పోయి ఎన్నో ఏళ్లయినా ఆవిడ హుకుం ఇంకా అమల్లో ఉందని నా ఉద్దేశం. కమల లోపల ఒకచోట నిలబడేది. తిరిగి వచ్చి, "పోదాం పాండ్రి" అనేది. అంతే. అక్కడినుంచి బీర్కూర్ పోయి, వాళ్లమ్మ నిలబడిన చోట కూడా కాసేపు నిలబడేది.

మీకు ఎప్పుడైనా ఎవరైనా, ఇల్లు అంటే ఏమిటి అని ఉపన్యాసం ఇవ్వమంటే ఇవ్వకండి. నేను ఒకసారి ఇచ్చాను. వెలుతురు, గాలి, నీడ, నేల అని చెప్పాను, చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఇంటికి వచ్చి ఆ మాటే చెబితే కమల నవ్వి, "మనుషుల మాట మర్చిపోయిన్రు" అంది. నిజంగానే మర్చిపోయాను.

కమల పోయి మూడు వానలు గడిచాయి. నేను బాన్సువాడ వెళ్లలేదు. మోకాళ్లు అంటాను అడిగినవాళ్లతో.

కుర్రవాడికి ఇచ్చిన జవాబు

ఇదంతా ఇంతే పొడుగున చెప్పాను ఆ కుర్ర ఆర్కిటెక్టుకు. వినేవాళ్లు దొరికితే మా వయసు వాళ్లు తొందరగా వదలరు. అతను మంచివాడు, మధ్యలో గడియారం చూసుకోలేదు. చివరికి తన సంచిలోంచి కొత్త నక్షా తీసి బల్ల మీద పరిచాడు. పెరడు ఉన్నచోట మెట్లగది, జనరేటరు గది గీసి ఉన్నాయి.

"గిప్పుడు గట్ల ఎవరూ పాతిపెడ్తలేరు సార్," అన్నాడు మెల్లగా. "ఎప్పుడో బందైంది."

"అవును."

"కాని మీరు చెప్పింది నాకు అర్థమైంది. మీది... మీ అమ్మాయిది ఉన్న మూల చెప్పుండ్రి. గా మూల వదిలేసి మిగిలిన దాంట్ల అడ్జస్ట్ చేస్త. ఎవరికీ చెప్ప."

పెన్సిలు తీసి నా చేతికి ఇచ్చాడు. జీవితమంతా పట్టుకున్న వస్తువు. నక్షా మీద ఆ గడిని చూశాను. ఉత్తరం గోడ, తూర్పు గోడ, వార్డులోంచి వచ్చే తలుపు. కమల గడప దాటి లోపలికి పోవడం కనిపించింది. కొంగు తల మీదికి లాక్కోవడం కనిపించింది. ఆ తరువాత తలుపు రెక్క అడ్డం వచ్చేది.

ఆమె ఎక్కడ నిలబడేదో నేనెప్పుడూ అడగలేదు. ఆమె ఉన్నన్నాళ్లు అడగవలసిన పని పడలేదు.

"ఏ మూల సార్?"

పెన్సిలు అతనికి తిరిగి ఇచ్చేశాను.

"తెలియదు నాయనా," అన్నాను. "అందుకని మొత్తం వదిలెయ్."